మూసేస్తున్నామని ముందే చెప్పు

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

క్లబ్బు మూసేద్దామనుకుంటున్నామని ఫోన్లో చెప్పినప్పుడు నీ గొంతులో ఏదో తప్పు చేసినవాడి జంకు వినిపించింది నాన్నా. అది అక్కర్లేదు. రోలర్ కోస్టర్లంటే ప్రాణం పెట్టేవాళ్ళని మూడు రాష్ట్రాల నుంచి కూడగట్టి, ఏటా వేసవిలో మీట్ పెట్టి, పార్కు వాళ్ళని ఒప్పించి గేట్లు తెరవకముందే ఒక గంట మీ కోసమే రైడ్లు నడిపించి, బులెటిన్ అచ్చు వేయించి, కవర్ల మీద స్టాంపులు అతికించి పోస్టు చేస్తూ ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చారు. ఇందులో ఒక్క డాలరు జీతం లేదు. పిల్లలు, ఉద్యోగం, మీ అమ్మ ఆరోగ్యం మధ్య ఇక కుదరడం లేదంటే అందులో దాచుకోవాల్సింది ఏముంది? మూయాలా వద్దా అన్నది మీ కమిటీ తేల్చుకుంది. ఎలా మూయాలన్నది మాత్రం నేను చెప్పగలను. తెలుగు సంఘం లెక్కలు, గుడి లెక్కలు ఏళ్ళ తరబడి చూసినదాన్ని. ఒక చిన్న సంగీత సభని దగ్గరుండి మూయించినదాన్ని కూడా.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. తేదీ పెట్టి, అందరికీ చెప్పి, జనం ఇంకా ఉండగానే మూయండి. మెల్లగా దానంతట అదే ఆగిపోతుందిలే అని మాత్రం వదిలేయొద్దు.

మీరు క్లబ్బు పెట్టిన కొత్తల్లోనే కదా మన ఒహాయోలోని జియాగా లేక్ పార్కు మూతపడింది. అది నాకన్నా నీకే బాగా తెలుసు, అయినా మళ్ళీ గుర్తు చేస్తాను. 2007 సెప్టెంబరు 16న సీజన్ అయిపోయింది. వచ్చే ఏడాది మళ్ళీ వద్దామనుకుంటూ అందరూ ఇళ్ళకి వెళ్ళారు. ఐదు రోజుల తర్వాత, 21న ప్రకటన వచ్చింది: రైడ్ల పార్కు ఇక తెరవరు, నీళ్ళ పార్కు ఒక్కటే ఉంటుంది అని. పందొమ్మిదో శతాబ్దం నుంచీ జనం పిక్నిక్‌లకి వచ్చిన చోటు అది. 1925లో కట్టిన చెక్క కోస్టరు బిగ్ డిప్పర్ అక్కడే ఉండేది. దాని మీద అదే తమ ఆఖరి రైడ్ అని తెలియకుండానే దిగి వెళ్ళిపోయారు ఎంతోమంది. మిగతా కోస్టర్లలో డామినేటర్‌ని విప్పి వర్జీనియాలోని కింగ్స్ డొమినియన్ పార్కుకి, థండర్‌హాక్‌ని మిషిగన్‌కి తీసుకుపోయారు. బిగ్ డిప్పర్ మాత్రం 2016లో కూల్చేదాకా చెట్ల మధ్య అలాగే నిలబడి ఉంది. వ్యాపారం వాళ్ళది, నిర్ణయం వాళ్ళది. కానీ ఆ పార్కు ప్రస్తావన వస్తే మీ సభ్యులు ఇవాళ్టికీ ముందుగా అనేది "మూసేశారు" అని కాదు, "చెప్పలేదు" అని.

అదే మేరీలాండ్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా పార్కు సంగతి చూడు. 2025 మే 1న ప్రకటించారు, నవంబరు 2 ఆఖరి రోజు అన్నారు. బాధ ఎలాగూ తప్పదు. అయినా ఒక వేసవి మొత్తం చేతిలో ఉంది. దూరాన ఉన్నవాళ్ళు సెలవు పెట్టుకుని రావచ్చు, పిల్లల్ని తెచ్చి చూపించవచ్చు, ఇష్టమైన రైడ్‌ని కావాలని చివరకి అట్టేపెట్టుకుని ఎక్కవచ్చు. మీ వాళ్ళకి నువ్వు ఇవ్వాల్సింది ఆ వేసవే. కనీసం ఆరు నెలల ముందు చెప్పు. మేలో పార్కులు తెరిచే వేళకి ఉత్తరం అందరికీ చేరాలి, అక్టోబరు ఆఖరికి తలుపు వేసేయాలి.

ఆ ఉత్తరం పొడుగ్గా వద్దు. చరిత్రంతా అందులో రాయకు, దానికి ఆఖరి బులెటిన్ ఉంది. ఇలా ఉంటే చాలు: "మన క్లబ్బుని అక్టోబరు 31న మూసివేస్తున్నాం. నడిపేవాళ్ళం నలుగురమే మిగిలాం, ఇంతకన్నా బాగా నడపలేం, నాసిగా నడపడం మాకు ఇష్టం లేదు. ఆఖరి మీట్ సీడర్ పాయింట్ పార్కులో. మీరు ముందే కట్టిన చందాలో వాడని భాగం వెనక్కి వస్తుంది. మీరిచ్చిన ఫొటోలు ఏం చేయాలో మిమ్మల్ని అడిగే చేస్తాం." అంతే. "ప్రస్తుతానికి", "కొంతకాలం పాటు" లాంటి మాటలు ఎక్కడా రానివ్వకు. వింటానికి మెత్తగా ఉంటాయి, కానీ జనాన్ని ఏళ్ళ తరబడి ఎదురుచూసేలా చేస్తాయి. పాత సభ్యులకి ఉత్తరం అందకముందే ఫోన్ చెయ్యి. మొదటి మీట్‌కి వచ్చినవాళ్ళు ఈ కబురు కాగితం మీద చదివి తెలుసుకోకూడదు.

కొందరికి కోపం వస్తుంది. "మమ్మల్ని అడిగారా" అంటారు. వాదించకు, విను. ఆ కోపం వెనక ఉన్నది ఇష్టమే. "నాకివ్వండి, నేను నడుపుతా" అని కూడా ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అక్కడే గట్టిగా ఉండాలి. ఈ ఆరు నెలలూ నీ పక్కన కూర్చుని బీమా కాగితాలు, పార్కు వాళ్ళతో ఉత్తరాలు, బ్యాంకు లెక్క, బులెటిన్ పోస్టింగు చేసి చూపించమను. నిజంగా చేస్తే కమిటీ ముందు పెట్టు, నేనూ సంతోషిస్తాను. మాటతో సరిపెట్టేవాళ్ళకి మాత్రం క్లబ్బు పేరు ఇవ్వొద్దు. ఉత్సాహం ఉంటే వాళ్ళ సొంత పేరుతో కొత్తది పెట్టుకోమను, మొదటి చందా నేనే కడతాను. మీ పేరు మీద ఎవరో రేపు టిక్కెట్ల డబ్బు వసూలు చేసి తేడా వస్తే, ఆ మచ్చ ఇన్నేళ్ళ పని మీద పడుతుంది.

ఇక మనుషుల సంగతి. దీని గురించే నాకు దిగులు ఎక్కువ. సీడర్ పాయింట్‌లో మీ మీట్‌కి నన్ను తీసుకెళ్ళినప్పుడు బ్లూ స్ట్రీక్ కోస్టరు నుంచి బయటికొచ్చే దారి దగ్గర బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు, గుర్తుందా? చొక్కా జేబులో చిన్న స్పైరల్ నోటుబుక్కు. తీసి నాకు చూపించారు. ఎక్కిన ప్రతి కోస్టరు పేరు, తేదీ, ఏ వరుసలో కూర్చున్నారు, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు. వర్షంలో తడిసి కొన్ని పేజీలు ఉబ్బిపోయాయి. మీరు క్రెడిట్లు అంటారే, అవన్నమాట. భార్య పోయాక ఏడాదికి ఒక్కసారి ఊరు దాటి వచ్చేది ఈ మీట్‌కేనని చెప్పారు. ఇలాంటివాళ్ళు మీ జాబితాలో ఇంకా ఉంటారు. క్లబ్బు మూస్తే నీకు తీరిక దొరుకుతుంది. వాళ్ళకి మాత్రం ఏడాదిలో ఉన్న ఒక్క ప్రయాణం పోతుంది.

అందుకని ఒక పని చెయ్యి. ఉత్తరంతో పాటు ఒక కార్డు పెట్టు. తమ ఫోను, చిరునామా మిగతా సభ్యులకి ఇవ్వవచ్చో లేదో టిక్కు పెట్టి పంపమని అడుగు. సరేనన్నవాళ్ళవి మాత్రమే కలిపి ఒక పట్టిక అచ్చు వేసి వాళ్ళకే ఇవ్వు. మిగతావాళ్ళ వివరాలు ఎవరు అడిగినా ఇవ్వకు. అన్నీ అయ్యాక చింపెయ్యి, కంప్యూటర్లోంచి కూడా తీసెయ్యి. ఏ ఊరివాళ్ళు ఆ ఊళ్ళో ఒకరినొకరు కలుసుకునేలా ఒక మాట కూడా వేస్తే మంచిది. డేటన్ వాళ్ళు నలుగురు కలిసి కింగ్స్ ఐలాండ్ పార్కుకి వెళ్ళడానికి క్లబ్బు, రసీదు పుస్తకం అక్కర్లేదు కదా.

ఫొటోల దగ్గరికి వస్తాను. మీ బేస్‌మెంట్‌లో ఉన్న ఆ అట్టపెట్టెలే మీ క్లబ్బు అసలు ఆస్తి. బ్యాంకులో ఉన్నది కాదు. క్లీవ్‌లాండ్‌లో యూక్లిడ్ బీచ్ పార్కు 1969లో మూతపడింది. దాని రంగులరాట్నం, 1910లో చేసింది, మెయిన్ రాష్ట్రం దాకా వెళ్ళిపోయి, మళ్ళీ ఊరికి తిరిగొచ్చింది. ఇవాళ క్లీవ్‌లాండ్ హిస్టరీ సెంటర్‌లో తిరుగుతోంది. మొన్నామధ్య మా మనవరాలిని ఎక్కించాను. ఆ పార్కులో అడుగుపెట్టే అవకాశం దానికి ఎలాగూ లేదు, అయినా ఆ గుర్రం ఎక్కింది. ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నవి నీటి పైపు పగిలేదాకానో, ఇల్లు అమ్మేదాకానో ఉంటాయి. కట్టడం, సిబ్బంది ఉన్న సంస్థ చేతికి వెళ్తే నిలబడతాయి. ఈశాన్య ఒహాయో పార్కుల వస్తువులకి, ఆ సెంటర్‌ని నడిపే వెస్టర్న్ రిజర్వ్ హిస్టారికల్ సొసైటీని అడుగు. కోస్టర్లకి సంబంధించిన డ్రాయింగులు, బ్రోషర్ల లాంటివాటికి టెక్సస్‌లోని ప్లెయిన్‌వ్యూలో నేషనల్ రోలర్ కోస్టర్ మ్యూజియం ఉంది. ముందు ఉత్తరం రాసి, ఏం కావాలో వాళ్ళనే చెప్పమను. అడగకుండా పెట్టెలు పంపితే ఎవరూ తీసుకోరు.

వాళ్ళు తీసుకోవాలంటే ప్రతి ఫొటో ఏమిటో తెలియాలి. ఇది ఓపిక పని, ఇప్పుడే మొదలుపెట్టు. ఒక ఫొటో తీసుకుని వెనక్కి తిప్పి, మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర రాయాలి: రైడు పేరు, పార్కు, నెల, ఏడాది, ఎవరు తీశారు. బాల్‌పెన్ను వాడొద్దు, ముందువైపు గీత పొడుచుకొస్తుంది. ప్లాస్టిక్ పొర అతుక్కునే ఆల్బములు ఉన్నాయి చూశావా, వాటిలోవి ముందు బయటికి తియ్యి. జిగురు ఫొటోని తినేస్తుంది. లాగకు, పళ్ళ మధ్య వాడే దారం సన్నగా వెనకనుంచి పోనిచ్చి విడదియ్యి. పార్కు మ్యాపులు మడతల దగ్గర చిరిగి ఉంటే టేపు వేయకు, అలాగే ఒక కవర్లో పెట్టు. వాటి మీద "పదిన్నరకి ఇక్కడ కలుద్దాం" అని పెన్నుతో చుట్టిన గుర్తులుంటాయే, వాటిని చెరపకు. మ్యూజియం వాళ్ళకి నిగనిగలాడే మ్యాపు ఎక్కడైనా దొరుకుతుంది. మనుషులు వాడిన మ్యాపు మీ దగ్గరే ఉంది.

ఇంకొకటి. ఫొటో మీ పెట్టెలో ఉన్నంత మాత్రాన మీది కాదు, తీసినవాళ్ళది. ఇచ్చేస్తున్నామని సంతకం చేసిన కాగితం మ్యూజియం వాళ్ళు అడుగుతారు. తీసినవాళ్ళు బతికుండి, ఫోన్ తీస్తున్న రోజుల్లోనే ఆ సంతకాలు పెట్టించుకో. పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నవి పక్కన పెట్టి, వాళ్ళ అమ్మానాన్నల్ని అడుగు. వాళ్ళిప్పుడు పెద్దవాళ్ళయి ఉంటే వాళ్ళనే అడుగు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది కాగితాల ప్రకారం జరగాల్సిందే. ముందు మీ బైలాస్, అంటే క్లబ్బు నియమావళి తీసి, రద్దు గురించి ఏముందో, ఎంతమంది ఓటు కావాలో చూడు. మీది పన్ను చట్టం ప్రకారం 501సి3, అంటే ధర్మసంస్థ అయితే మిగిలిన డబ్బు సభ్యులు పంచుకోవడానికి లేదు, అలాంటి ఇంకో సంస్థకి వెళ్ళాలి. 501సి7 సోషల్ క్లబ్బు అయితే నిబంధనలు వేరు. ఒక సీపీఏని, అంటే లెక్కల నిపుణుణ్ణి ఒక గంట కూర్చోబెట్టుకో, ఆ ఫీజు దండగ కాదు. ఒహాయో సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర రద్దు సర్టిఫికెట్ దాఖలు చేయాలి. పన్నుల శాఖకి ఏటా వేసే 990-ఎన్ ఫారం ఆఖరిసారి వేసేటప్పుడు సంస్థ ముగిసిందని గుర్తు పెట్టాలి. మూసిన తర్వాత ఐదో నెల 15వ తేదీ దానికి గడువు. బీమాని ఆఖరి మీట్ అయ్యేదాకా ఆపొద్దు. బ్యాంకు ఖాతా అన్నిటికన్నా చివర మూయాలి, చెక్కులన్నీ పాసయ్యాక. ఆఖరి లెక్క ఒక పేజీలో వేసి ఆఖరి బులెటిన్‌లో అచ్చు వెయ్యి. ఎవరూ అడగకపోయినా సరే.

పని పంచుకోవడానికి ఇప్పుడే మనుషుల్ని పట్టుకో. పెళ్ళికి పందిరి వేసేటప్పుడు పదిమంది వస్తారు, విప్పేటప్పుడు ఇద్దరే మిగులుతారు. ఆ ఇద్దరిలో నువ్వొక్కడివే కాకుండా చూసుకో.

ఆఖరి మీట్ సీడర్ పాయింట్‌లో పెట్టడం మంచి ఆలోచన. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నయాగరా చూపించాక అక్కడికే తీసుకెళ్ళే అలవాటు మన ఇళ్ళలో ఎన్నాళ్ళుగా ఉందో. మిలీనియం ఫోర్స్ లాంటి పెద్ద కోస్టరు క్యూలో నిలబెట్టి అలసిపోయేలా చేయకు. రోజు చివర్లో 1964 నాటి బ్లూ స్ట్రీక్ పెట్టుకో. ముసలివాళ్ళూ ఎక్కగలిగినవాళ్ళు ఎక్కుతారు, ఎక్కలేనివాళ్ళు కింద నిలబడి చేతులూపుతారు. ప్రసంగాలు ఒక్కటి, రెండు చాలు. రెండేసి ఉన్న ఫొటోలు, పిన్నులు, టీషర్టులు, బ్యానర్లు బల్ల మీద పరిచి, నచ్చినవి తీసుకెళ్ళమను. ఇన్నేళ్ళూ మీకోసం పొద్దున్నే డ్యూటీకి వచ్చిన రైడ్ ఆపరేటర్లకి, గ్రూపుల ఆఫీసులో మీ మెయిళ్ళకి జవాబిచ్చిన వాళ్ళకి చేత్తో రాసిన థాంక్స్ కార్డులు పంపు. వాళ్ళకి సాధారణంగా ఫిర్యాదులే వస్తాయి.

సభ్యులకి రాసే ఉత్తరం చిత్తుప్రతి వచ్చే వారంలోగా నాకు పంపు, చదివి పంపిస్తాను. ఫొటోల పెట్టెలు రెండు మా ఇంట్లో దింపు. మధ్యాహ్నాలు నాకు తీరికే, వెలుతురు బాగా పడే డైనింగ్ టేబుల్ ఉంది. రైడ్ల పేర్లు నాకు తెలియవు కాబట్టి గుర్తుపట్టలేనివి వేరే కవర్లో పెడతాను, ఆదివారం వచ్చినప్పుడు నువ్వు చెబుదువుగాని. అమ్మాయిని, పిల్లల్ని కూడా తీసుకురా. పులిహోర చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ