తొమ్మిది పిన్నుల స్పేస్‌మౌస్‌కు కొత్త కంప్యూటరుతో పొత్తు

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో అచ్చుల డిజైన్ పని చేస్తున్నాను. ఎస్.పి. రోడ్డులో తొమ్మిది పిన్నుల ప్లగ్గున్న పాత మెగెల్లాన్ స్పేస్‌మౌస్ (మూతను నెట్టి, తిప్పి తెర మీది 3డీ బొమ్మను కదిపే పరికరం) ఒకటి చవకగా దొరికింది. నా కంప్యూటరుకు సీరియల్ పోర్టు లేనందున యూఎస్‌బీ మార్పిడి కేబులు కూడా కొన్నాను. లినక్సులో ఫ్రీక్యాడ్ అనే 3డీ డిజైన్ ప్రోగ్రాము వాడతాను. మూతను ఎటు నెట్టినా బొమ్మ కదలడం లేదు. పరికరం పాడైందనుకోవాలా?

జవాబు: అప్పుడే ఆ మాట అనకండి, నా అనుమానం ముందుగా కేబులు మీదే. ఈ పరికరానికి వేరే అడాప్టరు ఉండదు, పోర్టులోని డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే రెండు తీగల నుంచే తనకు కావలసిన కరెంటును లాక్కుంటుంది. చవక కేబుళ్లలో కొన్ని ఆ తీగల మీద చాలినంత వోల్టేజీ ఇవ్వలేవు. మల్టీమీటరు నల్ల మొనను 5వ పిన్ను మీద పెట్టి, ఎర్ర మొనతో 4, 7 పిన్నులను కొలవండి. ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాముతో (పోర్టుకు అక్షరాలు పంపి, వచ్చినవి చూపేది) పోర్టును తెరిచి ఉంచి మాత్రమే కొలవాలి, లేకపోతే రుణాత్మక విలువ కనిపించి మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. ప్లగ్గు తగిలించి ఉండగా ఆ విలువ 5 వోల్టుల కంటే బాగా పడిపోతుంటే కేబులు మార్చడమే మార్గం.

కరెంటు సరిపోతే, అదే టెర్మినల్‌లో వేగాన్ని 9600గా పెట్టి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎం3 అని కొట్టి ఎంటర్ నొక్కండి. తరువాత మూత మీద చేయి తీసేసి జెడ్ కొట్టి ఎంటర్ నొక్కితే, అప్పుడున్న స్థితినే పరికరం సున్నాగా గుర్తు పెట్టుకుంటుంది. ఇక మూతను కొద్దిగా కదపండి. డి అక్షరంతో మొదలై, వెనుక 24 అక్షరాలున్న వరుసలు జారుతూ కనిపిస్తే పరికరం నిక్షేపంగా ఉన్నట్టే. మూడు జరుగుబాట్లు, మూడు తిరుగుళ్లు, మొత్తం ఆరు అక్షాలకు నాలుగేసి అక్షరాలన్న మాట. సరిగ్గా సున్నా దగ్గరున్న అక్షం పెద్ద హెచ్ తరువాత మూడు సున్నాలుగా కనిపిస్తుంది. ఈ వరుసలు చూసిన తరువాతే సాఫ్ట్‌వేరు జోలికి వెళ్లడం మంచిది. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి రెండు రోజులు పోగొట్టుకుంటారు.

సాఫ్ట్‌వేరు సంగతి తేలికే. స్పేస్‌నావ్‌డి అనే ఉచిత ప్రోగ్రాము ఈ సీరియల్ పరికరాలను, ఇప్పటి యూఎస్‌బీ పరికరాలను రెండింటినీ గుర్తిస్తుంది. యూఎస్‌బీవాటిని తనంత తానే కనిపెడుతుంది గానీ, సీరియల్ పోర్టు పేరును మాత్రం దాని సెట్టింగుల ఫైలులో మీరే రాయాలి. మీ కేబులుకు వచ్చే పేరు సాధారణంగా టీటీవైయూఎస్‌బీ0 అవుతుంది. టెర్మినల్ ప్రోగ్రాము పోర్టు తెరవడానికే నిరాకరిస్తే మీ వాడుకరి పేరును, సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గుంపులో చేర్చి, మళ్లీ లాగిన్ కావాలి. పని మొదలుపెట్టే ముందు ఆ టెర్మినల్‌ను మూసేయడం మరవకండి, ఒక పోర్టును ఇద్దరు పంచుకోలేరు.

ఇదంతా అయ్యాక బొమ్మ మీరు ముట్టుకోకుండానే మెల్లగా పాకుతుంటే కంగారు పడనక్కరలేదు. మామూలు మౌస్ ఎంత దూరం జరిగిందో చెబుతుంది, ఇది ఎంత వేగంగా జరగాలో చెబుతుంది. అందుకే సున్నాలో రవ్వంత తేడా ఉన్నా కదలిక ఆగదు. మళ్లీ సున్నా చేయించండి, చాలకపోతే స్పేస్‌నావ్‌డి సెట్టింగుల్లో డెడ్‌జోన్ విలువను, అంటే సున్నా చుట్టూ పట్టించుకోని చిన్న కదలికల హద్దును, కాస్త పెంచండి.