జామెట్రీ రావడం లేదని ఎమ్మెస్సీ మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంటర్ మ్యాథ్స్ 1బిలో 75కు 75 మార్కులు వచ్చాయి. ఇప్పుడు హనుమకొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతూ, జామెట్రీ అర్థం కావడం లేదని ఫోన్‌లో ఏడుస్తోంది. మా తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. ఈమెను కూడా మానిపించి అమీర్‌పేటలో డేటా సైన్స్‌లో చేర్పించమంటారా?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: మీరు కోర్సు గురించి అడిగారు గానీ, పిల్లకు తెలివి చాలదేమోనన్నదే మీ దిగులని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ దిగులు అక్కర్లేదు. ఇంటర్‌లో సరళరేఖాయుగ్మాల నిరూపణలను కంఠతా పట్టి రాసినా ఏడుకు ఏడు మార్కులు పడతాయి. ఎమ్మెస్సీలోనైతే నిర్వచనం దగ్గర మొదలుపెట్టి నిరూపణను విద్యార్థే కట్టుకోవలసి వస్తుంది.

నా దగ్గరికి వచ్చే పిల్లలను, చతుర్భుజం భుజాల మధ్యబిందువులను వరుసగా కలిపితే ఏమొస్తుందని అడుగుతుంటాను. దాదాపు అందరూ దీర్ఘచతురస్రంలాంటి బొమ్మ గీసి, సమాంతర చతుర్భుజం కనబడుతూనే ఉంది కదా సార్ అంటారు. ఒక మూలను లోపలికి నొక్కి గీయమంటే తడబడతారు. అదే మూలను కాగితం మీది నుంచి పైకి లేపితే ఏమవుతుందంటే పెన్ను ఆగిపోతుంది. నిజానికి ఒక కర్ణం గీసి, అది భుజంగా ఏర్పడే రెండు త్రిభుజాలకు మధ్యబిందు సిద్ధాంతాన్ని (రెండు భుజాల మధ్యబిందువులను కలిపే రేఖ మూడో భుజానికి సమాంతరంగా, అందులో సగం ఉంటుందనేదాన్ని) వర్తింపజేస్తే ఈ మూడింటికీ ఒకే నిరూపణ సరిపోతుంది. బొమ్మ మీద ఆధారపడే అలవాటు వదలడమే ఇక్కడి కష్టం, దానికి కొన్ని నెలలు పడుతుంది. సమాంతర రేఖల గురించి చెప్పే యూక్లిడ్ అయిదో స్వీకృతం (రుజువు లేకుండా ఒప్పుకునే మాట) లేకుండానే జ్యామితి నిలబడుతుందని 1829లో రష్యన్ గణితవేత్త లోబచేవ్‌స్కీ ప్రచురించేదాకా గణితవేత్తలకే రెండు వేల ఏళ్లు పట్టింది. ఉచితంగా దొరికే జియోజీబ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో మూలలను అటూ ఇటూ జరిపి చూస్తూ, నిరూపణను మాత్రం చేత్తో రాయమనండి.

డేటా సైన్స్ విషయంలో నా అనుమానాలు నాకున్నాయి. అందులో రోజూ వాడే కనిష్ఠ వర్గాల పద్ధతి (లీస్ట్ స్క్వేర్స్, అంటే చెదురుగా ఉన్న బిందువులకు వీలైనంత దగ్గరగా పోయే గీతను కనుక్కోవడం), ఒక సదిశ (వెక్టర్) కొన నుంచి ఒక ఉపాంతరాళం (సబ్‌స్పేస్, మూలబిందువు గుండా పోయే తలంలాంటిది) మీదికి లంబం దించడమే. అంటే జామెట్రీకి భయపడి వెళ్లిన పిల్లకు అక్కడా జామెట్రీయే ఎదురవుతుంది. కొద్ది నెలల కోర్సుల్లో సాఫ్ట్‌వేర్ వాడటం నేర్పుతారు గానీ, ఈ లంబం సంగతి చెప్పేవారు నాకు తక్కువగానే కనిపించారు.

కోపగించుకోకండి, ఆమె అర్థం కాలేదంటే మీరు తమ్ముడి కొడుకు ఊసెత్తారు. ఇంట్లో ఈ పోలిక వినే పిల్ల క్లాసులో చెయ్యెత్తి సందేహం అడగడానికి కూడా జంకుతుంది. ముందు ఆ పోలిక మానండి. ఈ సంవత్సరం పూర్తయ్యాక కూడా ఆమె తనంతట తానే డేటా సైన్స్ కావాలంటే నిరభ్యంతరంగా పంపండి. అప్పటిదాకా ఎక్కడా అడ్వాన్సు కట్టకండి.