"మీరు కూడా డబ్బు కోసమే వచ్చారు కదా సార్" అన్న కుర్రాడికి ఏం చెప్పాలి?

తమ్ముడూ, నీ ఉత్తరంలో నన్ను అక్కా అని పిలిచావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తా. ముందు మిగతావాళ్ళకి విషయం చెప్పాలిగా. ఈ తమ్ముడిది నల్గొండ వైపు, నాలుగేళ్ళుగా ఆఫ్రికాలో, సోమాలియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లోని హర్గేసాలో ఒక కాలేజీలో లెక్చరర్. ఫైనల్ ఇయర్ కుర్రాడొకడు, 22 ఏళ్ళు, క్లాసులో ఫస్ట్. ఒకరోజు టీ కొట్టు దగ్గర "సార్, పరీక్షలయ్యాక నేను తహ్రీబ్ వెళ్తున్నా, అమ్మకి తెలీదు, మీరూ చెప్పకండి" అన్నాడట. తహ్రీబ్ అంటే వీసా గీసా లేకుండా ఎడారి దాటి, సముద్రం దాటి దొంగదారిన యూరప్ పోవడం. ఈయన "వద్దురా, చచ్చిపోతావ్" అంటే వాడు నవ్వి, ఫోన్లో జర్మనీలో కారుకి ఆనుకుని నిలబడ్డ ఫ్రెండ్ ఫోటో చూపించి, "మీరు కూడా డబ్బు కోసమే మీ అమ్మని వదిలేసి వచ్చారు కదా సార్" అన్నాడట. అప్పట్నుంచి మన తమ్ముడికి నిద్ర లేదు. వాళ్ళమ్మకి చెప్పాలా, మాట నిలబెట్టుకోవాలా అని అడుగుతున్నాడు.

నిన్ను గుచ్చింది ఆ ఆఖరి మాటే కదా. అందులో తప్పేముంది చెప్పు, వాడన్నది నిజమే. కాకపోతే నువ్వొచ్చినప్పుడు నీ చేతిలో వీసా ఉంది, శంషాబాద్‌లో మీ అమ్మ పచ్చడి సీసా బ్యాగులో కుక్కి మరీ పంపించి ఉంటుంది. వాడికీ నీకున్న కోరికే ఉంది, కానీ వాడి దగ్గరున్న పాస్‌పోర్టుకి బయట విలువ చాలా తక్కువ. ఈ తేడా ఒప్పుకోకుండా నువ్వు ఎన్ని నీతులు చెప్పినా వాడి చెవికెక్కదు.

ఇంకోటి, వాడికి ప్రమాదం తెలీదని అనుకుంటున్నావేమో, అక్కడ తెలియనివాళ్ళు ఉండరు. సామియా యూసుఫ్ ఓమర్ అని సోమాలియా రాజధాని మొగదిషు అమ్మాయి, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్లు పరిగెత్తింది, హీట్‌లో అందరికంటే చివర వచ్చినా స్టేడియంలో జనం చప్పట్లు కొట్టారు. మంచి కోచ్ దొరికితే లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చని ఇథియోపియా, సూడాన్, లిబియా మీదుగా ఇదే దారిన బయల్దేరి 2012లో మధ్యధరా సముద్రంలో మునిగి చనిపోయింది. ఒలింపిక్స్‌కి వెళ్ళిన పిల్ల కథ విని కూడా ఆగని వాళ్ళు నీ మాటకి ఆగుతారా? అందుకే భయపెట్టడం మానెయ్.

మరి ఎందుకు పోతారంటే, అందరూ యుద్ధం అనేస్తారు. సోమాలియా దక్షిణాన అల్ షబాబ్ అనే మిలిటెంట్ల దాడులు, కరువు, ఊళ్ళు ఖాళీ అవడం, అదంతా నిజమే. కానీ మీ హర్గేసా మొగదిషుతో పోలిస్తే ఎప్పట్నుంచో ప్రశాంతంగానే ఉంది కదా, అయినా పిల్లలు పోతున్నారుగా. డిగ్రీ చేతిలో ఉంటుంది, ఉద్యోగం ఉండదు, ఉన్న ఒకటీ అరా ఎవరి వంశం ఏంటి, లోపల ఎవరు తెలుసు అన్నదాన్ని బట్టి పోతాయి. మంచి పోస్టులేమో విదేశాల నుంచి తిరిగొచ్చిన వాళ్ళకి, వాళ్ళని కుర్బజోగ్ అంటారట. సెలవులకి వాళ్ళొచ్చి హోటళ్ళలో ఖర్చు పెడుతుంటే ఊళ్ళో ఉన్నవాడు కాఫీకి కూడా అప్పు చేయాలి. బయటున్న ఒక్క కొడుకు పంపే డబ్బుతో ఇల్లంతా నడిచే ఊళ్ళవి, కాబట్టి 22 ఏళ్ళొచ్చి ఇంట్లో కూర్చున్న కొడుకు తన కళ్ళకే చులకనైపోతాడు. పెళ్ళి మాట ఎత్తడానికి కూడా మొహం చెల్లదు. పైగా బ్యాచ్‌లో ఇద్దరు పోతే మిగతావాళ్ళకి ఊళ్ళో కాలు నిలవదు. సోమాలీలో బుఫిస్ అని ఒక మాటుంది, ఎప్పుడెప్పుడు బయటికి పోదామా అనే ఆ పిచ్చికి పేరు పెట్టుకున్నారు వాళ్ళు, గాలి ఊది ఉబ్బించడం అనే మాటలోంచి వచ్చిందట. నేను జగిత్యాల వైపు గల్ఫ్ కుటుంబాలతో కొన్నేళ్ళు పనిచేశా, ఆ ఉబ్బు నాకు బాగా తెలుసు. ఏజెంటుకి పొలం అమ్మి కట్టిన వాణ్ణి కూడా చూశా. కానీ అక్కడ కనీసం విమానం ఎక్కేవారు.

అసలు విషయానికొస్తా. వాడు నీతో "పైసా ఖర్చు లేదు సార్, చేరాక కడితే చాలట" అన్నాడని రాశావు. తమ్ముడూ, నన్ను భయపెట్టింది ఈ ఒక్క లైనే. ఊరికే తీసుకెళ్ళేవాడు ఎవడూ ఉండడు. వజాలే అనే ఊరి దగ్గర ఇథియోపియా బోర్డర్ దాటిస్తారు, ఇథియోపియా, సూడాన్ మీదుగా లిబియా దాకా తీసుకెళ్ళి అక్కడ ఒక గదిలో పడేసి అప్పుడు లెక్క చెప్తారు, వేల డాలర్లు. ఆ మనుషుల్ని సోమాలీలో మగాఫే అంటారు, గురి తప్పనివాడు అని అర్థం. ఫోన్ వచ్చేది అమ్మకి. వెనకాల కొడుకుని కొడుతున్న శబ్దం వినిపిస్తూ ఉంటుంది. ఆవిడ ఇల్లు అమ్ముతుంది, ఒంటెలు అమ్ముతుంది, బంధువుల దగ్గర చేతులు చాస్తుంది, హవాలాలో కడుతుంది. 2023లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ దారి ఇంకా ఘోరం.

కాబట్టి వాడితో చావు గురించి కాదు, లెక్క గురించి మాట్లాడు. టీ తాగుతూ ఒకే ఒక్క ప్రశ్న అడుగు: "లిబియా నుంచి ఫోన్ వస్తే మీ అమ్మ ఏం అమ్ముతుంది?" అడిగి ఊరుకో, జవాబు నువ్వు చెప్పకు. తన ప్రాణానికి తెగించినవాడు కూడా అమ్మ ఇల్లు దగ్గరికొచ్చేసరికి ఆగి ఆలోచిస్తాడు, ఖచ్చితంగా ఆగిపోతాడని మాత్రం చెప్పలేను.

అమ్మకి చెప్పాలా? చెప్పాలి. కానీ వాడి వెనకాల కాదు. "ఒక వారం టైం ఇస్తున్నా, నువ్వు చెప్పు, లేదంటే నేనే మీ ఇంటికొస్తా" అని మొహం మీదే అను. కోపమొస్తుంది, మాట్లాడటం మానేస్తాడు, పర్లేదు. 22 ఏళ్ళవాడు, వాడి నిర్ణయం వాడిది అని నీకూ అనిపిస్తోంది కదా, నాకూ అనిపించింది, కానీ బిల్లు కట్టేది ఆవిడైనప్పుడు ఆవిడకి తెలియకుండా ఎలా? ఆమెతో మాట్లాడేటప్పుడు వాళ్ళ మేనమామనో, వాడు గౌరవించే పెద్దాయన్నో పక్కన పెట్టుకో, నువ్వెంతైనా బయటి మనిషివి.

వట్టి చేతులతో మాత్రం వెళ్ళకు. లెక్చరర్‌వి, నీ చేతిలో ఉన్నదేంటో చూడు. టర్కీ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌లకి సోమాలీ పిల్లలు చాలామంది వెళ్తున్నారు. మన హైదరాబాద్‌లో టోలీచౌకి వైపు వెళ్తే సోమాలీ స్టూడెంట్స్ ఎంతమంది కనిపిస్తారో నీకే తెలుసు. అప్లికేషన్ పక్కన కూర్చుని నింపించు, రికమెండేషన్ లెటర్ నువ్వే రాయి. వస్తుందని ప్రామిస్ చేయకు, రాకపోతే వాడు ఇంకో రెండు రోజులు ముందే బయల్దేరతాడు.

ఈ జవాబు చేరేలోపే వెళ్ళిపోయి ఉంటే అదే రోజు వాళ్ళింటికి వెళ్ళు. ఇథియోపియాలో ఉండగా ఇంకా వెనక్కి పిలవొచ్చు, లిబియా చేరాక ఆ వీలు వాడి చేతిలో ఉండదు. వాడు ఫోన్ చేసిన ప్రతి నెంబరూ, టైమూ రాసి పెట్టమని వాళ్ళమ్మకి చెప్పు. ఐఓఎం అని ఐక్యరాజ్యసమితి సంస్థ లిబియాలో చిక్కుకున్న వాళ్ళని వెనక్కి తీసుకొస్తుంది, ఆ ఆఫీసు వివరాలు ఇప్పుడే కనుక్కుని ఫోన్లో సేవ్ చేసుకో. గురువారం క్లాస్ అయ్యాక టీకి పిలుస్తానన్నావు కదా, పిలువు. టీ డబ్బులు వాణ్ణే ఇవ్వనియ్యి.