ఆఫీసు మెయిల్‌ల చెత్త తగ్గాలంటే బ్లాక్ బటన్‌తోని కాదు

"హన్మకొండల చిన్న ఆఫీసు, సొంత డొమైన్ మెయిల్. రోజుకు వంద చెత్త మెయిళ్లు, ఎన్ని బ్లాక్ చేసినా ఆగుతలేవు" అని అడిగిన్రు.

ఆగవు. పంపేటోళ్లు పూటకో అడ్రస్ మారుస్తరు. ముందుగాల డొమైన్ సెట్టింగుల 'క్యాచ్ ఆల్' చూడుండ్రి. సీప్యానెల్‌ల (హోస్టింగు కంపెనీ ఇచ్చే సెట్టింగుల పేజీ) దాని పేరు 'డిఫాల్ట్ అడ్రస్'. అది మీ మెయిల్‌కు మళ్లించి ఉంటే సేల్స్, అడ్మిన్, అకౌంట్స్ అని ఏ పేరు ఊహించి కొట్టినా మీకే వచ్చి పడ్తది. తిప్పి పంపేటట్టు మార్చుండ్రి. మార్చేముందు నెల రోజుల మెయిళ్లు తిరగేసి, పార్టీలు మీ అడ్రస్‌ను ఏయే స్పెల్లింగుల్ల రాస్తున్నరో చూసి వాటికి అలియాస్‌లు, అంటే మీ మెయిల్‌కే వచ్చి చేరే మారుపేర్లు, పెట్టాలె. లేకుంటే పాత గిరాకీ మెయిల్ కూడా వెనక్కి పోతది.

అన్‌సబ్‌స్క్రైబ్ తెలిసిన కంపెనీకే నొక్కాలె. తెల్వనోళ్లదైతే 'రిపోర్ట్ స్పామ్'. వాళ్ల లింకు నొక్కితే ఈ అడ్రస్ నడుస్తున్నదని మీరే చెప్పినట్టయితది. స్పామ్ ఫోల్డర్ వారానికోసారి చూడుండ్రి. జీమెయిల్ 30 రోజులకు అందులయి తుడిచేస్తది, టెండరు జవాబు ఉన్నా సరే.

విజిటింగ్ కార్డు, వెబ్‌సైటు, ఎగ్జిబిషన్ల రాసే రిజిస్టరు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, అన్నిటికీ ఒక్కటే అడ్రస్ ఇచ్చుడు మన ఆఫీసుల పెద్ద జబ్బు. బ్యాంకుకు, లెక్కలకు వాడే అడ్రస్ బయట ఎక్కడా అచ్చు కావొద్దు.

ఎందుకంటే అసలు నష్టం ఆ వంద చెత్త మెయిళ్లతోని కాదు, వాటి నడుమ దూరే ఒక్కదానితోని. పత్తి సీజన్ల ఎనుమాముల మార్కెట్ చుట్టూ బిల్లుల మీద బిల్లులు తిరుగుతుంటయి. "మా బ్యాంకు ఖాతా మారింది, బాకీ దీంట్ల వేయండి" అని పాత పార్టీ పేరుతోనే మెయిల్ వస్తది. అడ్రస్‌ను పెద్దగ చేసి చూస్తే 'ఎం' అక్షరం ఉండాల్సిన కాడ చిన్న 'ఆర్', చిన్న 'ఎన్' ఆనుకొని ఉంటయి. ఫోన్‌ల రెండూ ఒక్క తీరే కండ్లవడ్తయి. జీమెయిల్‌ల 'షో ఒరిజినల్' తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగ ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు) మూడూ 'పాస్' అని ఉండొచ్చు, ఆ దొంగ డొమైన్ వాళ్లు కొన్నదే గదా. ఆ మాట చూసి నమ్మొద్దు. పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి అడగాలె, మెయిల్ల ఇచ్చిన నంబరుకు కాదు. పైసలు పోయినంక తెలిస్తే పొద్దు చూడకుండా అప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ కొట్టుండ్రి. ఆలస్యమైతే ఆ పైసలు ఇంకో ఖాతాకు దాటిపోతయి.