కూలరు ఉక్కపోత, గీజరు గుడగుడ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల తెలుగు పాఠకులు పంపిన ఉత్తరాలలో మూడింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాము.

ప్రశ్న: ఎండాకాలమంతా చల్లగాలి ఇచ్చిన మా ఇనుప కూలరు, వానలు మొదలైన దగ్గర నుంచి జిడ్డుగాలి కొడుతున్నది. మెకానిక్ పంపు మార్చాడు, గడ్డి మార్చాడు, తేడా లేదు. ఇప్పుడు ఫ్యాను మోటారు కూడా మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?
– ఒక గృహిణి, బల్లార్షా

జవాబు: వద్దండి. మీరు రాసిన దాన్నిబట్టి కూలరులో లోపమేమీ కనబడడం లేదు, మారినది గాలి. కూలరు గాలిని చల్లబరిచేది తొట్టిలోని నీళ్ళు చల్లగా ఉండడం వల్ల కాదు, గడ్డి మీద నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేసుకోవడం వల్ల. మే నెల మధ్యాహ్నం మీ ఊళ్ళో 45 డిగ్రీల ఎండ, గాలిలో 15 శాతం తేమ ఉన్నాయనుకుందాం. అటువంటి గాలిని నీటితో సుమారు 24 డిగ్రీల వరకు చల్లబరచవచ్చు గనుక, గడ్డి అంతా సమంగా తడిసే మంచి కూలరు 28 డిగ్రీల గాలిని ఇవ్వగలదు. వానాకాలంలో 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున ఆ హద్దు 29 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎంత కొత్త మోటారు బిగించినా 30కి దిగువ గాలి రాదు, పైగా ఆ మూడు డిగ్రీల కోసం గదినిండా తేమ నింపుకున్నందువల్ల చెమట ఆరక ఉక్కపోత పెరుగుతుంది. దండెం మీద బట్టలు ఆరని రోజున కూలరు కూడా చల్లబరచదని అనుకోండి, ఏ మెకానిక్ మాటా అక్కరలేదు.

ఇటువంటి రోజుల్లో పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపండి. కూలరు కిటికీ బయట ఉండి బయటి గాలిని పీల్చుకోవాలి, గదిలో ఎదుటివైపు కిటికీ గాని తలుపు గాని తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూసి కూలరును గది మధ్యన పెట్టుకునేవారు నిండు వేసవిలోనూ ఉక్కతో బాధపడటం మేము తరచు చూస్తుంటాము.

గడ్డి మీద తెల్లటి పెచ్చులు కట్టడం గురించి మీరు అడగలేదు గాని, బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో అది తప్పదు. నీరు ఆవిరైపోతుంది, అందులోని సున్నం, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. పైపైన నీళ్ళు కలుపుతూ పోతే అవి రోజురోజుకు చిక్కబడతాయి. వారానికొకసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగి, కొత్త నీళ్ళు పోయడమే దీనికి విరుగుడు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది కూడా ఇటువంటి నిలవ నీటిలోనే కనుక ఆ పని ఎలాగూ తప్పదు. కడిగే ముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. ఎర్తింగు లేని ఇనుప తొట్టి, అందులో నీళ్ళు, ఆ నీళ్ళలో మునిగిన పంపు, తడి చేతులు – ప్రాణం మీదికి రావడానికి ఇంతకన్నా ఏమి కావాలి? మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తు నిజంగా అందుతున్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేయండి. మీటరు దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారి పడితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మా ఇంట్లో బోరు నీళ్ళే వాడుక. నాలుగేళ్ళ కిందట కొన్న 15 లీటర్ల గీజరు ఈ మధ్య గుడగుడమని శబ్దం చేస్తున్నది, నీళ్ళు కాగడానికి చాలాసేపు పడుతున్నది. పక్కనున్న వాల్వు నుంచి చుక్కలు కారుతుంటే ప్లంబరు దానికి బిరడా బిగించాడు. కారడం ఆగింది గాని శబ్దం ఆగలేదు.
– ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ

జవాబు: మాస్టారూ, శబ్దం సంగతి తరువాత చూద్దాము. ముందు గీజరు స్విచ్ ఆపి, ఆ బిరడా తీసేవరకు మళ్ళీ వేయకండి. 25 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు కాగితే దాని పరిమాణం సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. 15 లీటర్లకు అది ఒక గ్లాసుడు నీళ్ళు. వేడినీరు వెనక్కి చన్నీళ్ళ గొట్టంలోకి పోకుండా ఆ వాల్వు అడ్డుకుంటుంది కాబట్టి, పెరిగిన ఆ కాసిని నీళ్ళు దాని నుంచే చుక్కలుగా బయటకు రావాలి. అంటే మీ ప్లంబరు ఆపినది లోపాన్ని కాదు, రక్షణను. నీళ్ళు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, దానికి పైన కాపలాగా ఉండే కటౌట్ రెండూ పనిచేయకపోతే లోపలి ఒత్తిడికి మిగిలే దారి ఆ వాల్వు ఒక్కటే, అది కూడా మూసుకుపోతే ట్యాంకు పగిలిపోవచ్చు. చుక్కలు చిరాకనిపిస్తే వాల్వు మూతికి సన్నని గొట్టం తొడిగి, చివర మూయకుండా, తూము వైపు వదలండి. గీజరు ఆపి ఉన్నప్పుడు కూడా ధారగా కారితే మాత్రం వాల్వు అరిగిందనో, నీటి ఒత్తిడి ఎక్కువైందనో అర్థం. మేడ మీది ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉన్నా ఒక బార్ ఒత్తిడే వస్తుంది కనుక, ప్రెజరు పంపు పెట్టుకున్న ఇళ్ళలోనే ఈ రెండో అనుమానానికి తావుంటుంది.

గుడగుడ శబ్దం సున్నం పని. కఠిన జలం కాగినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నం విడిపోయి, నీళ్ళను కాచే ఎలిమెంటు మీద పొరలుగా పేరుకుంటుంది, ఆ పొరల కింద చిక్కిన నీరు అక్కడికక్కడే మరిగి చప్పుడు చేస్తుంది. తాగునీటి కాఠిన్యానికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. అయితే ఆ హద్దు మనిషి తాగడానికి పెట్టినది, గీజరును దృష్టిలో పెట్టుకుని కాదు.

నీళ్ళు ఆలస్యంగా కాగడానికి మాత్రం సున్నాన్నే తప్పు పట్టకండి. ఎలిమెంటు పుట్టించిన వేడి పొర దాటి చివరకు నీటికే చేరుతుంది. ఆ పొర వల్ల ఎలిమెంటు త్వరగా మాడిపోతుంది, అంతే. 2000 వాట్ల గీజరు 15 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు 20 నిమిషాల లోపే కాచాలి. వోల్టేజి 230 నుంచి 180కి పడిపోతే ఆ 2000 వాట్లు 1200 చిల్లరకు దిగి, అరగంట పైనే పడుతుంది. గీజరు వేసినప్పుడు వోల్టేజి ఎంత ఉంటున్నదో చూపించండి. అది సరిగానే ఉంటే థర్మోస్టాట్ తొందరపడి కరెంటు ఆపేస్తున్నదేమో చూడాలి.

సర్వీసు చేయించేటప్పుడు ఎలిమెంటును నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి సున్నం వదిలించమనండి, గీకనివ్వవద్దు. లోపలి మెగ్నీషియం కడ్డీని మీ కళ్ళతో చూడండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే దాని పని గనుక, నాలుగేళ్ళలో అది సన్నని తీగలా మిగిలినా ఆశ్చర్యం లేదు. అలా ఉంటే కొత్తది వేయించండి. ఇకపై ఏడాదికొకసారి ఈ పని తప్పనిసరి. వేడి 50, 55 డిగ్రీలకు మించకుండా పెట్టుకుంటే సున్నం కూడా నెమ్మదిగా పేరుకుంటుంది.

ప్రశ్న: ఏసీ గదిలోకి నీళ్ళు కారుస్తున్నది. ఏటా గ్యాసు నింపాల్సిందేనని మెకానిక్ అంటున్నాడు, నిజమేనా?
– ఒక దుకాణదారు, ధర్మాబాద్

జవాబు: నిజం కాదు. ఏసీలో గ్యాసు ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం, ఆ చోటు కనిపెట్టి మూయకుండా నింపిన గ్యాసు మళ్ళీ పోతుంది. మీ ఇంట్లో నీళ్ళు కారడానికి బహుశా అంత దూరం వెళ్ళనక్కరలేదు. ముందు ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి పెట్టండి, ఆ తరువాత బయటకు పోయే నీటి గొట్టంలో దుమ్ము, పాచి అడ్డుపడ్డాయేమో ఊది చూడండి. ఈ రెండూ చేశాక కూడా లోపలి కాయిల్ మీద మంచు కడుతుంటేనే గ్యాసు తగ్గిందేమోనని మెకానిక్‌ను పిలవండి, పిలిచినప్పుడు గ్యాసు ఎక్కడ కారుతున్నదో సబ్బు నురుగు పూసి బుడగలు చూపించాకే డబ్బు ఇస్తానని చెప్పండి.