టెక్ సందేహాలు: చిన్న తాత ఎక్కిన ఓడ ఏది?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. మా తాత తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బొంబాయి పోయి నేవీలో చేరాడని, ఓడ మునిగి చనిపోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. మిగిలినవి ఒక ఫొటో, మడతల దగ్గర చిరిగిన ఒక టెలిగ్రామ్. ఫొటోను ఏఐ యాప్‌లో వేసి క్లియర్ చేయిస్తే టోపీ మీద ఇంగ్లిష్‌లో ‘నిజాం’ అని కనిపించింది. చాట్‌బాట్‌ను అడిగితే ఆ పేరుతో యుద్ధనౌక ఉండేదని చెప్పింది. ఇప్పుడు మావాళ్లంతా అదే ఓడ అని ఖాయం చేసుకున్నారు. యుద్ధంలో పోయినవాళ్ల వివరాలుండే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు కొడితే మాత్రం ఏమీ రావట్లేదు. ఎట్లా వెతకాలి?

జవాబు: ముందు ఆ క్లియర్ చేసిన ఫొటోను పక్కన పెట్టేయండి. మీరు పంపిన రెండింటినీ పెద్దవి చేసి చూశాను. పాత ఫొటోలో టోపీ పట్టీ మీద కొన్ని తెల్లటి మచ్చలు తప్ప ఏమీ లేవు. యాప్ చేతిలో అవి ఐదు చక్కటి అక్షరాలయ్యాయి. పనిలో పనిగా మెడ దగ్గర అసలు ఫొటోలో లేని ఒక గుండీ కూడా పుట్టుకొచ్చింది. ఈ యాప్‌లు చెరిగిపోయినదాన్ని వెనక్కి తేలేవు. అక్కడ ఏముండొచ్చో ఊహించి గీస్తాయి. గోడకు తగిలించుకోవడానికైతే సరే, సాక్ష్యానికి పనికిరాదు.

చాట్‌బాట్ చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. హెచ్‌ఎంఏఎస్ నిజాం అనే డిస్ట్రాయర్ నిజంగానే ఉండేది. దాని ఖర్చుకు హైదరాబాద్ నిజాం డబ్బిచ్చారు కాబట్టి ఆ పేరు పెట్టారు. అయితే అది నడిచింది ఆస్ట్రేలియా నావికాదళంలో, సిబ్బంది ఆస్ట్రేలియన్లు. డబ్బు మనదైనంత మాత్రాన మనవాళ్లు ఎక్కారని కాదు. ఇంకో సంగతి. యుద్ధం నడిచినన్నాళ్లూ బ్రిటిష్ నేవీ టోపీ పట్టీల మీద ఓడ పేరు ఉండనివ్వలేదు. ఎవరు ఏ ఓడలో ఉన్నారో శత్రువుకు తెలియకూడదని హెచ్.ఎం.ఎస్. అన్న మూడక్షరాలతో సరిపెట్టారు. కాబట్టి ఆ పట్టీ నుంచి ఓడ పేరు రాబట్టాలన్న ఆశ వదులుకోవడమే మంచిది.

ఇక పేరు ఎందుకు రావడం లేదో చూద్దాం. అసలు పేరు ఇక్కడ వేయను, ఎల్లయ్య అనుకుందాం. మీరు ఈనాటి ఆధార్ కార్డులో రాసే పద్ధతిలో ఇంటిపేరు, పేరు రెండూ కొట్టారు. ఆనాడు బొంబాయిలో పేరు రాసుకున్న గుమస్తాకు తెలుగు రాదు, చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాసుకుని ఉంటాడు. ఎల్లయ్య వై అక్షరంతో మొదలవుతాడా, ఇ తోనా? ఎల్ ఒకటా, రెండా? చివర హెచ్ ఉందా? ఇంటిపేరు అసలు రాసుకున్నారో లేదో. పైగా ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న భారతీయులను ఆ సైట్‌లో ఎక్కువగా ఇంటిపేరు గడిలోనే పెట్టారు. కాబట్టి ఆ గడిలో మొదటి రెండు మూడు అక్షరాలే కొట్టి, రెండో గడి ఖాళీగా వదిలేయండి. యుద్ధం రెండోది అని ఎంచుకోండి. దళం దగ్గర ఒకసారి నేవీ, ఇంకోసారి మర్చంట్ నేవీ పెట్టి రెండుసార్లు వెతకండి.

మర్చంట్ నేవీ అంటే సరుకు ఓడలు. మన ఊళ్లలో ఓడ ఎక్కిన ప్రతివాడూ నేవీవాడే. పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి బొంబాయికి కూలికి, మగ్గానికి పోయినవాళ్లు ఎందరో. కామాఠిపురకు ఆ పేరు వచ్చింది కూడా నిజాం రాజ్యం నుంచి వెళ్లిన కామాటీల వల్లే. అక్కడి నుంచి రేవుకు, రేవు నుంచి ఓడలోకి పోవడం పెద్ద దూరం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పోయి సమాధి లేని భారతీయ నావికుల పేర్లు 6 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో అత్యధికం సరుకు ఓడలవాళ్లవే. నేవీవి కొన్ని వందలు. ఆ పేర్లన్నీ రాసిన పుస్తకం ఒకటి ముంబయిలోని ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో, ఇంకో ప్రతి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉంచారు. సైట్‌లో ‘బొంబాయి 1939-1945’ స్మారకం అని కనిపిస్తే అదే. మరి ఫొటోలో నేవీ టోపీ ఉంది కదా అంటారా? మా ఇంట్లో కోటు వేసుకున్న పెద్దమనిషి ఫొటో ఒకటుంది, ఆ కోటు స్టూడియోది. టోపీని నేను గట్టిగా నమ్మను.

ఫలితాల జాబితా పొడుగ్గా వస్తే భయపడొద్దు. దాన్ని ఎక్సెల్ ఫైల్‌గా దించుకుని, అదనపు వివరాల గడిలో తండ్రి పేరు కోసం వెతకండి. చాలామందికి ‘ఫలానావారి కుమారుడు’ అని ఉంటుంది. ఊరి పేరు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. హోదా చూసి కంగారు పడొద్దు. ఓడలో ఫైర్‌మన్ అంటే మంటలు ఆర్పేవాడు కాదు, బాయిలర్‌లో బొగ్గు వేసి మంట పెట్టేవాడు. ట్రిమ్మర్ అతనికి బొగ్గు మోసి అందించేవాడు. భండారీ వంటవాడు. ఈ ముగ్గురి పనీ ఎక్కువగా ఓడ లోపలే.

వ్యక్తి దొరికితే ఓడ పేరు, తేదీ కూడా అక్కడే ఉంటాయి. ఆ పేరుతో యూబోట్ డాట్ నెట్ అనే సైట్‌కు పోండి. జర్మన్ జలాంతర్గాములు ముంచిన ఓడలు, మునిగిన చోటు, పరిస్థితులు అందులో ఉంటాయి. హిందూ మహాసముద్రంలో జపాన్ జలాంతర్గాములు ముంచినవి వేరే. 1942 నవంబర్ 23న బొంబాయి నుంచి ఆఫ్రికా పోతూ మునిగిన తిలావా అలాంటిదే, 280 మంది పోయారు.

ఇంట్లో పెద్దవాళ్లను ఒక ప్రశ్న అడగండి: ఓడ ‘మునిగింది’ అన్నారా, ‘పేలింది’ అన్నారా? పేలింది అంటే 1944 ఏప్రిల్ 14 చూడాలి. ఆ రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలుడు పదార్థాలతో ఉన్న ఫోర్ట్ స్టికీన్ పేలి వందల మంది చనిపోయారు. అప్పుడు వెతకాల్సింది సముద్రంలో కాదు, రేవులో.

టెలిగ్రామ్‌ను దయచేసి ల్యామినేషన్ చేయించకండి. ఆ వేడికి కాగితం పాడవుతుంది, మళ్లీ ఊడదీయలేం. కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఇంకో ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టి పట్టండి. టైపు దెబ్బకు కాగితంలో పడ్డ గుంతలకు నీడ వస్తుంది, సిరా పోయినా అక్షరం తెలుస్తుంది. టార్చ్‌ను నాలుగు వైపులా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి, వెనక వైపు కూడా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. నాకు మీరు ఫొటోగా పంపారు, తేదీలో 2 ఉందో 3 ఉందో తేలడం లేదు.

ప్రశ్న: మా మేనమామ 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ ఖుక్రీ మీద పోయాడు. మా పిల్లలకు ఫోన్‌లో చూపించడానికి ఏమైనా ఉందా? (మహబూబ్‌నగర్)

జవాబు: ఉంది. డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. నేషనల్ వార్ మెమోరియల్ సైట్‌లో పేరు కొట్టి వెతకండి. రాకపోతే పై జవాబులో చెప్పినట్టే స్పెల్లింగు మార్చి చూడండి. సర్వీసు నంబరు ఉన్న పాత పెన్షన్ కాగితం ఇంట్లో దొరికితే స్పెల్లింగు కోసం దాన్నే చూడండి, పేరు అక్కడ ఎలా ఉంటే అలాగే కొట్టండి. పిల్లలకు సెలవుల్లో డయ్యూ చూపించగలిగితే స్మారకం అక్కడే ఉంది, సముద్రం వైపు.