బెంగళూరులో ఎనిమిదో తరగతి పిల్లవాడికి, సైన్సు టీచరుకు ఉపయోగపడే చోట్లు ఏమున్నాయి?

అనంతపురం నుండి ఈ మధ్యే మారతహళ్లికి మారామనీ, బాబు ఎనిమిదో తరగతిలో చేరాడనీ, మీ శ్రీమతి బి.ఎడ్. చేసిన సైన్సు టీచరనీ, ట్యూషన్లూ రోబోటిక్స్ క్లాసులూ కాక వారిద్దరికీ ఈ ఊళ్లో పనికివచ్చేవి ఏమున్నాయో చెప్పమనీ అడిగారు. నేను మదనపల్లె నుండి వచ్చి పదహారేళ్లుగా ఇక్కడి ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. మా అబ్బాయి చదువు కూడా ఇక్కడే సాగింది కనుక, తల్లిగా చేసిన పొరపాటుతో మొదలుపెడతాను.

మా వాడు ఏడో తరగతిలో ఉండగా, మా అపార్టుమెంటుకు ప్రచారానికి వచ్చిన ఒక సంస్థ మాటలు నమ్మి, 18,000 రూపాయలు కట్టి రోబోటిక్స్ కోర్సులో చేర్పించాము. మూడు నెలల తరువాత వాడు కిట్టులోని బండిని చకచకా బిగించగలిగేవాడు కానీ, మోటారుకు తీగలు తారుమారు చేసి కలిపితే చక్రం ఎందుకు వెనక్కి తిరుగుతుందో చెప్పలేకపోయాడు. ప్రోగ్రాము కూడా వాళ్లు ముందే రాసి ఇచ్చినదే. రోబోటిక్స్ పనికిరాదని నేను అనడం లేదు, కానీ కరెంటు, అయస్కాంతం చేతికి అలవాటు కాని పిల్లవాడికి అది మొదటి మెట్టు కాదు.

మీ స్థానంలో నేనుంటే హై గ్రౌండ్స్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియంతో మొదలుపెడతాను. 1989లో ఏర్పడిన ఈ ప్లానెటోరియంను బెంగళూరు అసోసియేషన్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ నడుపుతోంది. అందరూ దానిని బేస్ అంటారు. చాలామంది గుండ్రటి హాల్లో ఆకాశ ప్రదర్శన చూసి, తోటలో ఫోటో దిగి వెళ్లిపోతారు గానీ, అసలు సరుకు అక్కడి తరగతి గదుల్లో ఉంది. హైస్కూలు పిల్లలకు వారాంతాల్లో ప్రయోగాలతో నడిచే తరగతులు, డిగ్రీ విద్యార్థులకు రీప్ అనే పేరుతో లోతైన భౌతికశాస్త్ర పాఠాలు ఏళ్ల తరబడి జరుగుతున్నాయి. ఫీజు ఉన్నా, నేను పైన చెప్పిన కోర్సుతో పోల్చదగినది కాదు. మా వాడిని అక్కడ చేర్చిన మొదటి నెలలో ఇంటికి వచ్చి చెప్పిన మాట ఒక్కటే: "అమ్మా, అక్కడ జవాబు చెప్పరు, మళ్లీ కొలవమంటారు."

ఆ కొలిచే అలవాటు ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. బెంగళూరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలిపిన కర్రకు నీడ పడదు. పత్రికలు దీనిని జీరో షాడో డే అంటాయి. ఒక ఏప్రిల్‌లో మా వాడు మేడ మీద మీటరు పొడవున్న పైపు నిలబెట్టి, దారానికి రాయి కట్టి అది నిటారుగా ఉందో లేదో సరిచూసి, అదే రోజు హైదరాబాదులో వాళ్ల మామయ్య చేత కూడా ఆ పనే చేయించాడు. ఇక్కడ 12 గంటల 17 నిమిషాలకు నీడ మాయమైంది. అక్కడ అన్నిటికంటే చిన్న నీడ 8 సెంటీమీటర్లు వచ్చింది. అంటే సూర్యుడు అక్కడ నడినెత్తి నుండి సుమారు 4.57 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉన్నాడన్నమాట. రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద, ఉత్తర దక్షిణాలుగా సుమారు 490 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి కనుక, ఆ దూరాన్ని 360తో హెచ్చించి 4.57తో భాగిస్తే భూమి చుట్టుకొలత దాదాపు 38,600 కిలోమీటర్లని తేలింది. అసలు విలువ 40,000. ఆ తేడా ఎందుకు వచ్చిందని వాడే రెండు రోజులు తల పట్టుకుని, సూర్యుడు చుక్క కాదు, పళ్లెం కాబట్టి నీడ అంచు దాదాపు సెంటీమీటరు మేర మసకగా ఉంటుందని కనిపెట్టాడు. మీ బాబు అనంతపురంలోని తాతగారితో ఇది చేయించాలనుకుంటే ఒక ఇబ్బంది ఉంది: ఆ ఊరు మనకు మరీ దగ్గర కావడంతో మీటరు కర్రకు నీడ 3 సెంటీమీటర్లే వస్తుంది, అందులో మూడో వంతు మసకే. కర్రను పొడిగించినా లాభం లేదు, మసక కూడా దానితో పాటే పెరుగుతుంది. ఇంకా ఉత్తరాన ఉన్న బంధువులను వెతకండి.

కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం గురించి వేరే చెప్పనక్కరలేదు, బడి పిల్లలందరినీ అక్కడికి తీసుకువెళతారు. కాకపోతే ఒకే రోజు అన్ని అంతస్తులూ చుట్టేస్తే మిగిలేది కాళ్ల నొప్పులే. ఒక్కసారికి ఒక్క గ్యాలరీ చాలు. మేము ఇంజన్ల హాలుకే మూడుసార్లు వెళ్లాము. కె.ఆర్.పురంలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి కబ్బన్ పార్కులో దిగితే అక్కడికి నడిచి వెళ్లవచ్చు.

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఏటా ఒక శనివారం, సాధారణంగా ఫిబ్రవరి చివర గానీ మార్చి మొదట్లో గానీ, ఓపెన్ డే పేరుతో ప్రయోగశాలలను అందరికీ ఉచితంగా చూపిస్తుంది. జనం తిరునాళ్లలా వస్తారు. నేను మొదటి ఏడు నలభై మంది పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, సగం రోజు వరుసల్లోనే పోగొట్టుకున్నాను. ఇప్పుడు రెండు విభాగాలు ముందే ఎంచుకుని, ఒక్కొక్క పిల్లవాడు ఒక్కొక్క ప్రశ్న రాసుకువచ్చాకనే బయలుదేరుతాము. అక్కడి పరిశోధక విద్యార్థులు ప్రశ్న అడిగిన పిల్లలను చూస్తే ఎంత ఓపికగా చెబుతారో మీరే చూస్తారు.

కన్నడం రాదని బెంగపడుతున్నారు. ప్లానెటోరియం ప్రదర్శనలు ఇంగ్లీషులోనూ ఉంటాయి, అయినా ఒకసారి కన్నడ ప్రదర్శనకే తీసుకువెళ్లండి. గ్రహం, నక్షత్రం, గురుత్వాకర్షణ, విద్యుత్తు వంటివి ఇంచుమించు మన మాటలే. బెళకు అంటే వెలుగేనని తెలిసిన క్షణంలో పిల్లవాడికి సగం భయం పోతుంది.

ఇక మీ శ్రీమతి గారి సంగతి. ప్లానెటోరియంలో తరచూ జరిగే కాపీ (అంటే కాఫీ) విత్ క్యూరియాసిటీ అనే సైన్సు ప్రసంగాలకు ప్రవేశం ఉచితం, ముందుగా వాటికి వెళ్లమనండి. చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె దగ్గర ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ రెండో ప్రాంగణంలోని టాలెంట్ డెవలప్‌మెంట్ సెంటర్ సైన్సు టీచర్లకు అక్కడే ఉంచి శిక్షణ ఇస్తుంది. నేను ఒక వేసవిలో పది రోజులు వెళ్లి వచ్చాను. అప్పటికి పదిహేనేళ్ల ముందు కాలేజీలో తాకిన పరికరాలను మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు, నేను తరగతిలో నల్లబల్ల మీదే ఎన్ని ప్రయోగాలు "చేసేశానో" తెలిసి సిగ్గుపడ్డాను. సి.వి.రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వెలువరించే రెసొనెన్స్ అనే సైన్సు బోధన పత్రిక పాత సంచికలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ అకాడమీ మరి రెండు జాతీయ అకాడమీలతో కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పులకు విద్యార్థులే కాక ఉపాధ్యాయులు కూడా దరఖాస్తు చేయవచ్చు.

తెలుగులో బోధించే అవకాశం ఆమెకు కావాలనుకుంటే కుప్పం మనకు రైలులో దగ్గరే. సంచార ప్రయోగశాలలతో పల్లె బడులకు వెళ్లే అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వారి ప్రాంగణం అక్కడే ఉంది. పది రూపాయల సామానుతో పాఠం ఎలా చెప్పవచ్చో ఒకసారి చూసి వచ్చారంటే, బాబుకు కిట్టు కొనాలన్న ఆలోచన మీకే మారవచ్చు.